గ్యాస్ అయిపోయింది సార్!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పారు. ఏసీల్లో గ్యాస్ కూడా అయిపోతుందని చెప్పడం మరిచిపోయారు. ఆ లోటును మన ఏసీ మెకానిక్ సోదరులు ఏటా తీరుస్తున్నారు. గది చల్లబడటం లేదా? గ్యాస్. లోపలి యూనిట్ నుంచి నీళ్లు కారుతున్నాయా? డ్రెయిన్ పైపులో బురద పేరుకుని ఉండొచ్చు గానీ, ముందు గ్యాస్. రిమోట్ పనిచేయడం లేదా? బ్యాటరీలు మార్చండి సార్, గ్యాస్ కూడా కొంచెం తగ్గింది. హైదరాబాద్‌లో జలుబుకీ పంటినొప్పికీ జిందా తిలిస్మాత్ వాడినట్టే ఇదీనూ. కాకపోతే ఆ సీసా ఇంట్లో మిగులుతుంది.

ఈ శాస్త్రాన్ని భక్తితో పరిశీలిద్దాం. ఏసీలో ఉండేది స్కూటర్లో పెట్రోలు కాదు, వాడేకొద్దీ తరగడానికి. సీలు వేసిన రాగి గొట్టాల్లో ఆవిరై, ద్రవమై, మళ్లీ ఆవిరై తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. లీకు వెతక్కుండా గ్యాస్ నింపడమంటే చిల్లుకుండలో నీళ్లు పోసి మూడు వేలు పుచ్చుకోవడమే. వచ్చే వేసవికి మళ్లీ అదే కుండ, అదే మూడు వేలు.

ఇక పరీక్షా ఘట్టం. మెకానిక్ బాల్కనీలోకి నడుస్తాడు. ఐసీయూ బయట బంధువులా ఇంటాయన వెనకే వెళతాడు. ఔట్‌డోర్ యూనిట్‌కు నీలం గొట్టం తగిలిస్తారు. లోపలి ఒత్తిడి చూపే గేజ్ ముల్లు కదులుతుంది. మౌనం. తల అడ్డంగా ఊగుతుంది.

"ఎంతుంది బాబూ?"

"60 సార్."

"ఎంతుండాలి?"

"140."

ఇంటాయనకు తన బీపీ గుర్తొస్తుంది. ఇంటావిడ మంచినీళ్లు తెస్తుంది, ఎవరికో ఆమెకే తెలియదు. "ఇంకో వారం ఆగితే కంప్రెసర్ పోయేది మేడమ్" అని నాడి చూసిన వైద్యుడు అభయమిస్తాడు. సిలిండరు వస్తుంది. పైన లేబుల్ లేదు, కింద తూకం లేదు. ముల్లు 140కి చేరుతుంది. "చెయ్యి పెట్టి చూడండి సార్." నిజంగానే చల్లగా ఉంది! మధ్యలో కుర్రాడు ఫిల్టరు కడిగేశాడు మరి.

ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే కాయిల్ మీదికి గాలి తగ్గి, ఆ ముల్లు దానంతటదే దిగుతుంది. ఇన్వర్టర్ మిషన్లో కంప్రెసర్ వేగం మారినప్పుడల్లా ముల్లు మారుతుంది. పైగా గ్యాసుల్లోనూ రకాలున్నాయి: పాత ఆర్22 గ్యాస్ మిషన్‌కు 60 అంటే నిక్షేపమైన ఆరోగ్యం, ఆర్32 గ్యాస్‌దైతే జబ్బు. ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో ఔట్‌డోర్ యూనిట్ ప్లేటు మీద కంపెనీవాడే అచ్చు వేశాడు. అది చదివే అలవాటు మనకూ లేదు, వైద్యుడికీ లేదు.

పని తెలిసినవాడు ముందు రాగి గొట్టాలను యూనిట్‌కు బిగించే ఫ్లేర్ నట్ల మీద సబ్బు నురగ రాస్తాడు. చాలా లీకులు అక్కడే బుడగలై బయటపడతాయి. దొరక్కపోతే ఉన్న గ్యాస్ తీసి, నైట్రోజన్ నింపి ముల్లు కదలకుండా నిలబడుతుందా అని చూస్తాడు. లీకు మూశాక వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలినీ తేమనూ లాగేసి, ఒత్తిడిని 500 మైక్రాన్లకు, అంటే దాదాపు శూన్యానికి దించి, అప్పుడు తూకం వేసి గ్రాముల లెక్కన ఎక్కిస్తాడు. పంపు మోయలేక కాస్త గ్యాస్ వదిలి గొట్టంలో గాలిని తరిమేశాననేవాడు లోపల తేమ ఉంచి వెళతాడు. ఆ తేమ నూనెను ఆమ్లంగా మార్చి కంప్రెసర్‌ను తింటుంది. ఇన్వర్టర్ కాని మిషనైతే గ్యాస్ కన్నా ముందు, కంప్రెసర్ మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ కొలవాలి. దాని ఖరీదు వందల్లోనే, అందుకే అది ఎవరికీ గుర్తురాదు.

నైట్రోజన్‌కు బదులు ఆక్సిజన్ నింపి లీకు చూసేవాళ్లూ ఉన్నారు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ కంప్రెసర్ నూనెకు తగిలితే పేలుతుంది. ఇది తెలియనివాడి చేతికి స్పానరు ఇచ్చినవాడెవడు? నాలుగో అంతస్తులో బయటి గోడకు ఔట్‌డోర్ యూనిట్ తగిలించేలా ఇల్లు కట్టిన బిల్డరెవడు? ఇరవై ఏళ్ల పిల్లాడు చెప్పులు విడిచి, జానెడు సజ్జ మీద నిలబడి, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని ఇంకో చేత్తో నట్టు విప్పుతాడు. పంపిన కంపెనీకి యాప్‌లో ఐదు నక్షత్రాలు కావాలి, వాడి నడుముకు తాడు మాత్రం అక్కర్లేదు. ఇంటికింత అని చిల్లర విదిల్చి, గ్యాస్ అమ్మితే కమీషన్ ఇస్తామంటే వాడు గ్యాస్ కాక ఇంకేం అమ్ముతాడు? మనం లోపల్నుంచి "తొందరగా కానీ బాబూ, ఉక్కపోస్తోంది" అంటాం. సిగ్గులేని జాతి.

సరే. ఈసారి ఫోన్లోనే అడగండి: తాడు, వాక్యూమ్ పంపు, తూకం తెస్తావా అని. మూడూ తెస్తానన్నవాడి నెంబరు దాచుకోండి, వియ్యంకుడికి కూడా ఇవ్వకండి. మిగతావాళ్ల జవాబు ఒకటే.

"తూకమెందుకు సార్, గ్యాస్ చూస్తే తెలిసిపోద్ది."

రంగు లేని గ్యాస్‌ను!