ఒక్క రిపోర్టు చూసి కంగారు పడకండి

పిల్లలు ఆలస్యమైతే మగవాళ్లు కూడా మొదట్లోనే వీర్యపరీక్ష చేయించుకోవాలని ఓ వ్యాసంలో రాశారు, నూటికి నూరుపాళ్లు నిజం, కానీ ల్యాబ్‌లో ఏం జరుగుతుందో రాయలేదు కాబట్టి నా సంగతి చెప్తాను. ఏడాదిన్నర పాటు స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ మా ఆవిడకే, నేను బయట కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకునేవాణ్ణి. సిగ్గు, ఇంకేం కాదు. తీరా చూస్తే అంత తేలికైన పరీక్ష ఇంకోటి లేదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకీ, హస్తప్రయోగానికీ దూరంగా ఉండి వెళ్లాలి, ల్యాబ్ వాళ్లు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, వీర్యం తీసివ్వడానికి ఓ గది చూపిస్తారు (నాకు చూపించిన గదికి గడియ సరిగ్గా పడలేదు, ఆ టెన్షన్ నాకే తెలుసు). మొదట వచ్చిన కాస్త కింద పడితే దాచకుండా చెప్పండి, లెక్క మారిపోతుంది. ఇంట్లో తీస్తే గంటలోపు, ఒంటి వేడి తగిలేలా చొక్కా లోపల పెట్టుకుని తీసుకెళ్లాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

నాకు మొదటిసారి వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకి 9 మిలియన్లు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు 16. గుండె జారిపోయింది. డాక్టరు గారు ముందు అడిగింది ఈమధ్య జ్వరం వచ్చిందా అని, నెలన్నర కిందే డెంగీతో మంచం పట్టాను మరి. జ్వరంతో కౌంట్ పడిపోతుందట, కొత్త వీర్యకణం తయారవడానికే దాదాపు రెండున్నర నెలలు పడుతుందట, అందుకని మూడు నెలలాగి మళ్లీ చేయించమన్నారు, ఈసారి 31. అయినా 16 దాటితే పిల్లలు ఖాయమనీ కాదు, తగ్గితే ఇక పుట్టరనీ కాదు. అన్నట్టు, జిమ్‌లో కండల కోసం టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) ఇంజెక్షన్లు పొడిపించుకునే తమ్ముళ్లు ఆ మాట డాక్టరుకి చెప్పండి, వాటితో కౌంట్ సున్నాకి కూడా పడిపోవచ్చు.