మెటల్ డిటెక్టర్ పక్కన నిలబడ్డ మనిషి మీద మనకెందుకంత కోపం?

శంషాబాద్ కావచ్చు, గన్నవరం కావచ్చు, విశాఖ కావచ్చు, భద్రతా తనిఖీ వరుసలో ముందూ వెనకా వినిపించే మాటలకు నాకు ఒళ్లు మండిపోతుంది. “వీళ్లకు పనీపాటా లేదు.” “మనల్ని దొంగల్లా చూస్తారు.” “చేతిలో అధికారం ఉందని ఆడిస్తున్నారు.” ఇవన్నీ బాగా చదువుకున్నవాళ్ల నోటి నుంచి వచ్చే మాటలే. చెక్-ఇన్ కౌంటర్లో థాంక్స్ చెప్పినవాళ్లు, విమానం తలుపు దగ్గర నమస్కారానికి నవ్వుతూ బదులిచ్చేవాళ్లు, ఈ రెండింటి మధ్యలో నిలబడ్డ యూనిఫాం మనిషి ముందు మాత్రం ముఖం గంటు పెట్టుకుంటారు. ఆయన “జేబులో ఏమైనా ఉందా” అని అడిగితే జవాబు కూడా చెప్పరు. చేతులు సగం ఎత్తి ఎటో చూస్తూ నిలబడతారు. చాలాకాలంగా ఇది నన్ను బాధపెడుతోంది. అందుకే ఈ రోజు కూర్చుని రాస్తున్నాను.

అసలు వాళ్లు అక్కడికి ఎలా వచ్చారో మనలో చాలామంది మరిచిపోయారు. 1999 డిసెంబరు 24న కాఠ్‌మాండూ నుంచి ఢిల్లీకి బయలుదేరిన ఐసీ-814 విమానాన్ని హైజాక్ చేశారు. అమృత్‌సర్, లాహోర్, దుబాయ్‌ల మీదుగా కాందహార్‌కు తీసుకెళ్లి, డిసెంబరు 31 దాకా ప్రయాణికులను బందీలుగా ఉంచారు. కొత్తగా పెళ్లయిన రూపిన్ కట్యాల్‌ను పొడిచి చంపారు. ఆయుధాలు కాఠ్‌మాండూలోనే విమానంలోకి చేరాయి. అంటే అక్కడి తనిఖీలో ఎవరో సరిగా చూడలేదన్నమాట. అప్పటిదాకా మన విమానాశ్రయాల కాపలా రాష్ట్రాల పోలీసులది. ఆ ఘటన తర్వాత 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి ఒక్కొక్క విమానాశ్రయాన్నీ కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి, అదే సీఐఎస్ఎఫ్‌కు, అప్పగిస్తూ వచ్చారు. 1969లో ప్రభుత్వ రంగ కర్మాగారాల రక్షణ కోసం ఏర్పడిన దళం అది. మన విశాఖ ఉక్కు కర్మాగారానికి కాపలా కాసేదీ వాళ్లే. ఇప్పుడు 60కి పైగా విమానాశ్రయాలు వాళ్ల చేతిలో ఉన్నాయి.

అక్కడ అమలయ్యే నిబంధనల్లో ఒక్కటీ వాళ్లు రాసింది కాదు. చేతి సంచిలో ఏది ఉండొచ్చు, ఏది ఉండకూడదు అన్నది పౌర విమానయాన భద్రతా బ్యూరో నిర్ణయిస్తుంది. 1985లో ఎయిరిండియా కనిష్క విమానం పేలి 329 మంది చనిపోయిన తర్వాత, 1987లో స్వతంత్ర విభాగంగా మారిన సంస్థ అది. విమానం ఆలస్యమైతే అది విమానయాన సంస్థ సంగతి. పాస్‌పోర్టు మీద ముద్ర ఇమ్మిగ్రేషన్‌వాళ్ల పని. బంగారం గురించి అడిగేది కస్టమ్స్. మన కళ్లకు మాత్రం యూనిఫాంలో ఉన్న ప్రతి మనిషీ ఒక్కటే. వేరే ఎక్కడో పుట్టిన విసుగంతా తెచ్చి, అందరికంటే చిన్న ఉద్యోగంలో ఉన్న కానిస్టేబుల్ నెత్తిన కుమ్మరిస్తాం.

ఒక సంఘటన చెప్పాలి. విదేశాలకు వెళ్లే ప్రయాణికుల తనిఖీ దగ్గర నాకు రెండు ట్రేల ముందు ఒక యువకుడు ఉన్నాడు. అతని చేతి సంచిలో ఆవకాయ సీసా దొరికింది. మూతకు గుడ్డ కట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేశారు. అయినా నూనె ఊరి గుడ్డ అంచు ఎర్రబడింది. ఆ మూట కట్టింది వాళ్లమ్మే అని చూడగానే తెలుస్తుంది. తనిఖీ చేస్తున్న అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. “సర్, ఇది క్యాబిన్లో కుదరదు, లగేజీలో వేసి రండి” అని వచ్చీరాని తెలుగులో చెప్పింది. అతను వెళ్లలేదు. గొంతు పెంచాడు. “మీ ఇంటికి పట్టుకెళ్లి తింటారు, నాకు తెలియదా” అన్నాడు. చుట్టూ నలుగురైదుగురు నవ్వారు కూడా. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది, మాట మాత్రం తూలలేదు. సీసాను తీసుకెళ్లి, అందరికీ కనిపించేలా పక్కనున్న పారదర్శకమైన డబ్బాలో పెట్టింది. తర్వాతి ట్రే అందుకుంది.

ఆ యువకుడి బాధ నాకు అర్థమవుతుంది. అమ్మ కట్టిచ్చిన మూట అలా పోతే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. కానీ నూనెలో తేలే పచ్చడి, క్యాబిన్లోకి అనుమతించని 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాల లెక్కలోకే వస్తుంది. 2006 ఆగస్టులో బ్రిటన్ నుంచి అమెరికా వెళ్లే విమానాలను ద్రవ పేలుడు పదార్థాలతో పేల్చే కుట్ర బయటపడ్డాక ప్రపంచమంతా తెచ్చుకున్న నిబంధన అది. ఆ అమ్మాయి అప్పటికి పలకా బలపం పట్టుకుని ఉండి ఉంటుంది. ఆమెను దొంగ అనడానికి నోరెలా వచ్చింది? నవ్వినవాళ్లకు నవ్వెలా వచ్చింది?

వాళ్లు చేసే పనిని ఒక్కసారి దగ్గరగా చూడండి. ఎక్స్-రే తెర ముందు కూర్చున్న మనిషి ఒకదాని వెనక ఒకటి వచ్చే సంచుల్లో చార్జర్ల తీగలు, గొడుగు కమ్మీలు, పిల్లల బొమ్మలు, టిఫిను డబ్బాలు అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డ రంగురంగుల నీడల్లో కత్తి మొనను వెతకాలి. అది కంటిని, మెదడును పిండేసే పని. అందుకే యూరప్ నిబంధనల్లో చేతి సంచుల ఎక్స్-రే తెరను సాధారణంగా 20 నిమిషాలకు మించి ఏకబిగిన చూడకూడదని, తర్వాత కనీసం 10 నిమిషాలు వదిలేయాలని రాశారు. చూసేవాళ్లు ఏమరుపాటుగా ఉండకుండా మధ్యమధ్యలో ఆయుధాల ఉత్తుత్తి బొమ్మలను కంప్యూటరే తెర మీదికి తెచ్చే ఏర్పాటు కూడా ఉంది.

ఇక పరదా వెనక మహిళా కానిస్టేబుల్ పని. మన ఆడవాళ్ల ఒంటి మీద లోహం లేని చోటు ఎక్కడ? పుస్తెలు, నల్లపూసలు, మెట్టెలు, పట్టీలు, చీర కుచ్చిళ్లకు పెట్టిన పిన్నీసు, అవసరానికి ఉంటాయని గాజులకు తగిలించుకున్న మరో నాలుగు పిన్నీసులు. చేతిలోని యంత్రం అడుగడుగునా కూస్తూనే ఉంటుంది. ప్రతి కూతకూ ఆమె ఆగి చేత్తో తడిమి చూడాలి. అవతలి మనిషి సిగ్గుపడకుండా, నొచ్చుకోకుండా, వరుస ఆగకుండా. మా అమ్మ మోకాలి ఆపరేషన్ తర్వాత మొదటిసారి విమానం ఎక్కినప్పుడు యంత్రం కాలి దగ్గర ఆగకుండా మోగింది. లోపలున్న అమ్మాయి అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, చీర కొంచెం జరిపి కుట్ల మచ్చ చూసి, తనే సర్ది, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. అమ్మ ఇప్పటికీ ఆ పిల్ల గురించి చెబుతుంది. ఇలాంటివాటిని ఎవరూ వీడియో తీసి పెట్టరు.

అలాగని అక్కడ జరిగేదంతా సవ్యంగా ఉందని నేను అనడం లేదు. తెలుగువాళ్లకు ఎంతో ఇష్టమైన నర్తకి సుధా చంద్రన్ 2021 అక్టోబరులో, ప్రతిసారీ తన కృత్రిమ కాలు తీసి చూపించమంటున్నారని కన్నీళ్లతో వీడియో పెట్టారు. సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. చెప్పి తీరాలి కూడా. 2020 ఆగస్టులో చెన్నైలో హిందీ రాదన్నందుకు, మీరు భారతీయులేనా అని తనను అడిగారని ఎంపీ కనిమొళి బయటపెట్టారు. దాని మీద విచారణకు ఆదేశించారు. భాష సంగతి చాలా పెద్దది. గల్ఫ్‌కు పనికి వెళ్లే కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు, అమెరికాలో మనవడిని చూడటానికి మొదటిసారి విమానం ఎక్కే పల్లెటూరి అవ్వలు, “బెల్ట్ నికాలో, ట్రే మే రఖో” అన్న మాట అర్థం కాక బిత్తరపోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. కానీ బిహార్ నుంచో, హర్యానా నుంచో బదిలీ మీద వచ్చిన కానిస్టేబుల్‌కు పది తెలుగు మాటలు నేర్పించాల్సింది ఎవరు? అతన్ని అక్కడికి పంపినవాళ్లు. నేర్పకుండా పంపిన తప్పుకు తిట్లు అతనికి పడుతున్నాయి.

“నేనెవరో తెలుసా” అనేవాళ్ల గురించి ఎక్కువ రాయను. తనిఖీ మినహాయింపు ఎవరెవరికి ఉందో జాబితా ఉంది. రాష్ట్రపతి, ప్రధాని, ముఖ్యమంత్రులు, గవర్నర్లు వంటివారి హోదాలు అందులో ఉంటాయి. మామూలు ఎంపీ, ఎమ్మెల్యేలకు చోటు లేదు. వాళ్ల బావమరుదులకు అసలే లేదు. అలాంటివాడిని ఆపి తనిఖీ చేసిన కానిస్టేబుల్‌కు నేను చేతులెత్తి దండం పెడతాను.

తనిఖీని తిట్టుకునే ఆ మనుషులే, ఒక్క చిన్న కత్తి కన్నుగప్పి లోపలికి వెళ్తే ఏమంటారో మనం చూశాం. 2018 అక్టోబరు 25న విశాఖ విమానాశ్రయం లాంజ్‌లో అప్పటి ప్రతిపక్ష నేత జగన్‌మోహన్ రెడ్డి మీద కోడిపందేల కత్తితో దాడి జరిగింది. నిందితుడు అక్కడి రెస్టారెంట్‌లో పనిచేసేవాడు. ఆ రోజు పార్టీలతో సంబంధం లేకుండా తెలుగువాళ్లందరూ అడిగిన మొదటి ప్రశ్న, లోపలికి కత్తి ఎలా వచ్చింది, భద్రతా సిబ్బంది ఏం చేస్తున్నారు అని. సరైన ప్రశ్నే. ఆ ప్రశ్న అడిగే హక్కు మనకు ఉన్నప్పుడు, మన సంచి తెరవమంటే చిరాకు పడే హక్కు ఎక్కడిది?

నిబంధన నచ్చకపోతే అడగాల్సిన చోట అడిగితే మారుతుంది. చేతి సంచిలో కొబ్బరికాయను అనుమతించరు. శబరిమల వెళ్లే అయ్యప్ప స్వాములు ఇరుముడిలోని కాయను వదులుకోలేక ఎంతో ఇబ్బంది పడేవాళ్లు. విన్నపాలు పైకి వెళ్లాక 2022 నవంబరులో, ఎక్స్-రేతో పాటు పేలుడు పదార్థాల పరీక్ష, చేతి తనిఖీ చేసి ఆ సీజన్ వరకు అనుమతించమని భద్రతా బ్యూరో ఆదేశించింది. 2024లో మళ్లీ ఇచ్చారు. ఏ స్వామీ కానిస్టేబుల్‌ను తిట్టి సాధించుకున్న అనుమతి కాదది.

నాకు కావలసినవి మూడున్నాయి. టికెట్ కొన్నప్పుడు వచ్చే సందేశంలోనే చేతి సంచిలో పెట్టకూడనివి తెలుగులో రావాలి, అందులో పచ్చళ్ల మాట కూడా ఉండాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, తిరుపతి విమానాశ్రయాల్లో ప్రతి వరుసలో తెలుగు వచ్చిన మనిషి ఒక్కరైనా ఉండాలి. మహిళల తనిఖీ గదులు పెంచాలి. ఒకే పరదా ముందు ముప్పై మంది ఆడవాళ్లు నిలబడి ఉంటే లోపలున్న ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది? ఇవే రాసి మా నియోజకవర్గం ఎంపీకి, భద్రతా బ్యూరోకు పంపాను. మీరూ పంపండి, మీ మాటల్లోనే రాయండి.