ఆరు కోట్లను యాభై మందితో భాగించగా

ప్రచార లక్ష్యాలు ఎలా నిర్ణయించాలో తెలియక పెద్ద పెద్ద సంస్థలు సలహాదారులకు లక్షలు ధారపోస్తున్న ఈ రోజుల్లో, నేను పాఠాలు చెప్పిన ఒక ప్రైవేటు జూనియర్ కళాశాల యాజమాన్యం ఆ మహత్కార్యాన్ని ఒక్క మార్చి సాయంత్రం, తలకు రెండు సమోసాల ఖర్చుతో ముగించింది.

ఛైర్మన్ గారు బోర్డు మీద ముందుగా 6 కోట్లు అని రాశారు. ఆ ఆరు ఎక్కడి నుంచి ఊడిపడిందని అడిగే అవివేకులు మాలో లేరు; కొత్త భవనం మీద బ్యాంకు వాయిదాలెంతో అటెండరుకు కూడా తెలుసు. ఫీజు 1,20,000 గనుక 500 మంది చేరాలి. క్యాంపస్ చూడవచ్చిన ఐదుగురిలో ఒకరు చేరతారు గనుక 2,500 మంది రావాలి. పది ఇళ్లకు ఫోన్ చేస్తే ఒకరు వస్తారు గనుక 25,000 ఇళ్లకు ఫోన్లు వెళ్లాలి. అధ్యాపకులం 50 మందిమి గనుక తలకు 500 ఫోన్లు, 10 అడ్మిషన్లు.

లెక్కలో తప్పు లేదు, గణితం మాస్టారు కూడా తలూపారు. తప్పల్లా ఊరిదే. మా పట్టణంలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ కలిపి పదో తరగతి రాసేవాళ్లే ఆరు వేలకు మించరు. జంతుశాస్త్రం మాస్టారు ఈ సంగతి విన్నవించుకోగా, "నెగటివ్‌గా ఆలోచించకండి సార్" అన్నారు ఛైర్మన్ గారు. నిజమే, లోపం లక్ష్యంలో లేదు, ఆలస్యంలో ఉంది. ఇదే సమావేశం పదహారేళ్ల కిందట పెట్టి, మండలానికొక పీఆర్వోను పెళ్లిళ్ల సీజన్లో దింపి, సీమంతాలకు ముందస్తు రాయితీ ప్రకటించి, అన్నప్రాశన నాడు పిల్లవాడి ముందు కలం, బంగారం, కత్తి సరసన మా ఎంపీసీ కరపత్రం కూడా పెట్టించి ఉంటే, ఈపాటికి పాతిక వేల మంది పాకుకుంటూ వచ్చి ఉండేవారు.

లక్ష్యాలు 'స్మార్ట్' (SMART)గా ఉండాలని 1981లో జార్జ్ డోరన్ అనే మేనేజ్‌మెంట్ సలహాదారు రాసినప్పుడు, ఒక్కో నియమానికి గుర్తయిన ఆ ఐదు ఇంగ్లిషు అక్షరాల్లో ఒకటి పని ఎవరికి అప్పగించాలో తేల్చమంది, మరొకటి అది అయ్యే పనేనా అని చూడమంది. మావాళ్లు మొదటిదాన్ని కళ్లకద్దుకుని, రెండోదాన్ని సమోసా కాగితంతో పాటు పారేశారు. షెడ్యూలు రాకముందే ప్రవేశాలు జరపరాదని ఇంటర్మీడియట్ బోర్డు చేసే హెచ్చరికకు దక్కిన గతీ అదే.

మా భౌతికశాస్త్రం మాస్టారు ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్న మనిషి. మే నెల మిట్టమధ్యాహ్నం కరపత్రాలు చంకన పెట్టుకుని ఆయన ఒక గుమ్మం ఎక్కేసరికి, పోటీ కళాశాల మాస్టార్లిద్దరు అప్పటికే లోపల కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. తలుపు తీసిన ఇల్లాలు ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయే. "మీరేంటి సార్, ఈ ఎండలో?" అందట. ఆయన కరపత్రం బయటికి తీయలేక, దాహం వేసి వచ్చానని చెప్పి, మంచినీళ్లు తాగి తిరిగొచ్చారు. పదికి ఏడు అడ్మిషన్లే తెచ్చినందుకు ఆయన మే జీతంలో సగం ఆపేశారు. పాఠం చెప్పడానికి పెట్టుకున్న మనిషిని వీధుల వెంట తిప్పి, తమ అప్పు వాయిదాను అతని బియ్యం డబ్బుల్లోంచి కోసుకోవడాన్ని మార్కెటింగ్ అంటారా? దోపిడీ అంటారు. దానికి సిగ్గు లేకపోతే చాలు, బోర్డూ అక్కర్లేదు, లెక్కా అక్కర్లేదు.

జూన్ చివరికి 214 మంది చేరారు. మరుసటి మార్చిలో ఛైర్మన్ గారు అదే బోర్డు మీద 7 కోట్లు అని రాశారు. ఖర్చులు తగ్గించాలని ఈసారి సమోసాలు ఇవ్వలేదు.