రేడియో అందని ఊళ్లో రేడియో వాచీ ఎందుకు? ఒక వాదోపవాదం

ఒకరు భీమవరం పక్క రొయ్యల చెరువులు చూసుకునే రైతు. ఇంకొకరు టౌన్లో వాచీలు బాగుచేసే మెకానిక్. వరసకు బావలు. వెలుతురుకు ఛార్జి అయ్యి, రేడియో సంకేతం అందుకుని తనంతట తానే టైము సరిచేసుకునే గట్టి వాచీని గోదావరి డెల్టాలో రోజువారీ వాడకానికి కొనొచ్చా అన్నది వాదం. మాట పక్కదారి పట్టకుండా ఒక్క మోడల్ అనుకున్నారు: క్యాసియో జీ-షాక్‌లో చదరపు డయలు ఉన్న జీడబ్ల్యూ-ఎం5610. కొనాలనేది రైతు. వద్దనేది మెకానిక్, దాని బదులు మామూలు సెల్లుతో నడిచే డీడబ్ల్యూ-5600 చాలంటాడు.

మెకానిక్: ముందు రేడియో సంగతి తేల్చేద్దాం బావా. అణు గడియారం టైమును రేడియోలో పంపే స్టేషన్లలో ఆ వాచీ వినగలిగేవి ప్రపంచం మొత్తం మీద ఆరే ఆరు. జపాన్‌లో రెండు, ఫుకుషిమా వైపు కొండ మీద 40 కిలోహెర్ట్జ్‌ది ఒకటి, క్యూషూలో 60ది ఒకటి. అమెరికాలో ఫోర్ట్ కాలిన్స్, ఇంగ్లండులో ఆంథార్న్, రెండూ 60. జర్మనీలో మైన్‌ఫ్లింగెన్ 77.5. చైనాలో షాంగ్‌చియూ 68.5. వీటిలో మనకు దగ్గరది చైనాదే. అదీ కాకినాడ నుంచి గీత గీస్తే 3,800 కిలోమీటర్ల పైమాటే. దాని సంకేతం ఓ 1,500 కిలోమీటర్ల వరకు అందుతుందని కంపెనీ వాళ్లే రాసుకున్నారు. మన దేశంలో అలాంటి లాంగ్‌వేవ్ (తక్కువ పౌనఃపున్యపు రేడియో) స్టేషనే లేదు. ఇక నువ్వు దేనికి డబ్బు పెడుతున్నట్టు?

రైతు: దేశం మొత్తానికి టైము లెక్క కట్టే 82½ డిగ్రీల రేఖ కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది కదా. గీత మన ముంగిట్లో, స్టేషను చైనాలో! సరే, అందదన్నది నేనూ ఒప్పుకుంటున్నా.

మెకానిక్: అందకపోవడం అటుంచు, వాచీ అసలు ప్రయత్నమే చెయ్యదు. హోమ్ సిటీ, అంటే వాచీ ఏ ఊరి టైము చూపించాలో ఆ ఊరు, ఢిల్లీ అని పెడితే ఆ కోడ్‌కు ఏ స్టేషనూ జత చేసి లేదు. హాంకాంగో టోక్యోనో పెడితే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5 దాకా గంటకోసారి వెతుకుతుంది. దొరకదు. వెతికినందుకు ఛార్జి ఖర్చు, పైగా తెర మీద వేరే ఊరి టైము.

రైతు: దానికి దారి ఉంది, చెప్తా విను. జపాన్ సంకేతాన్ని అనుకరించే యాప్‌లు ఫోన్‌కు దొరుకుతాయి. ఫోన్ సౌండ్ చిప్పు 40 కిలోహెర్ట్జ్ పుట్టించలేదు, 20 దాటితే దాని పని అయిపోయినట్టే. అందుకని ఆ యాప్ 40లో మూడో వంతు, అంటే 13.33 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని గట్టిగా వాయిస్తుంది. వైర్లోనూ స్పీకరు చుట్టలోనూ ఆ తరంగం వంకరపోయి, దానికి మూడింతల పౌనఃపున్యం కూడా కొంచెం అయస్కాంత క్షేత్రంగా బయటికి వస్తుంది. వాచీ పట్టుకునేది దాన్నే. యాంటెన్నా 12 అంకె వైపు ఉంటుంది కాబట్టి ఇయర్‌ఫోన్ వైరును ఆ వైపు రెండు చుట్లు చుట్టాలి, లేదా ఫోన్ స్పీకరుకు ఆ వైపు ఆనించాలి. వాల్యూమ్ పూర్తిగా పెంచాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పనికిరావు, వాటిలో శబ్దం ఆలస్యంగా వస్తుంది.

మెకానిక్: మరి హోమ్ సిటీ?

రైతు: ఎడమ పై బటన్ నొక్కి పట్టుకుంటే ఊరి కోడ్ మిణుకుతుంది. దాన్ని టోక్యోకు మార్చి బయటికొచ్చి, మాన్యువల్ రిసీవ్, అంటే సంకేతం అందుకోమని మనమే చెప్పడం, మొదలుపెట్టాలి. సెకనుకు ఒక గుర్తు చొప్పున ఒక్కో టైము సందేశం పూర్తవడానికి నిమిషం పడుతుంది. వాచీ ఒకదాన్ని నమ్మదు, వరసగా వచ్చినవి పోల్చి చూసుకుంటుంది. అందుకే రెండు నుంచి ఏడు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంతసేపూ కదపకూడదు, ఛార్జర్ పక్కన పెట్టకూడదు. అయ్యాక మళ్లీ ఢిల్లీకి మారిస్తే గంటలు, తారీఖు అవే సర్దుకుంటాయి. సెకన్లు చెక్కుచెదరవు. లండన్ బదులు టోక్యో ఎందుకంటే అక్కడ వేసవి టైము గొడవ లేదు.

మెకానిక్: బాగుంది. ఇప్పుడు నా మాట విను. ఎడమ పై బటనే పట్టుకుని సెకన్లు మిణికేదాకా జరుపు, ఫోన్లో నిమిషం మారగానే ఒక్క నొక్కు. సెకన్లు 30 లోపు ఉంటే సున్నా అవుతాయి, 30 దాటి ఉంటే సున్నా అయ్యి నిమిషం ఒకటి పెరుగుతుంది. పావు నిమిషం పని. నీ యాప్ కూడా చూసేది ఫోన్ గడియారమేగా, ఫోన్ అర సెకను తప్పితే నీ రేడియో వాచీ కూడా అర సెకను తప్పే. అణు గడియారం పేరు చెప్పుకుని ఫోన్ టైము ఎక్కించుకోవడానికి అన్ని వేలు పొయ్యాలా?

రైతు: ఆ దెబ్బ తగిలింది. కానీ ఎన్నాళ్లకోసారి ఎక్కించాలో చూడు. కంపెనీ చెప్పే తేడా నెలకు 15 సెకన్లు అటూ ఇటూ. చేతికి ఉండే వాచీ అంతకన్నా బాగానే నడుస్తుంది.

మెకానిక్: ఎందుకో తెలుసా? లోపలి క్వార్ట్జ్ సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, దానికి నచ్చేది 25 డిగ్రీల చుట్టుపక్కల. అంతకన్నా వేడైనా చల్లనైనా నెమ్మదిస్తుందే గాని జోరందుకోదు. 35 దగ్గర రోజుకు దాదాపు 0.3 సెకను వెనకబడుతుంది. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద 60 డిగ్రీల్లో వదిలేస్తే రోజుకు మూడున్నర సెకన్లు. చేతికి ఉంటే 30 చుట్టూ తిరుగుతుంది కాబట్టి పర్వాలేదు. తీసి రేకుల షెడ్డులో మేకుకు తగిలించేవాడికి నెల తిరిగేసరికి తేడా కనిపిస్తుంది.

రైతు: సోలారు కదా అని ఎండలో పెట్టేవాళ్లు చేసేది సరిగ్గా అదే.

మెకానిక్: మరే! తెర నల్లగా అయిపోయిందని పరిగెత్తుకొస్తారు. చల్లబడితే మామూలవుతుంది. వేడికి పాడయ్యేది లోపలి రీఛార్జి బ్యాటరీ.

రైతు: ఇప్పుడు నా అసలు వాదనకు రానీ. నాకు రేడియో ముఖ్యం కాదు, సోలారు ముఖ్యం. మాన్యువల్ లెక్క ప్రకారం రోజు ఖర్చుకు ఆరుబయట ఎండ అయితే 5 నిమిషాలు చాలు. కిటికీ దగ్గర ఎండ 24 నిమిషాలు, మబ్బు పట్టిన రోజు కిటికీ దగ్గర 48 నిమిషాలు, ట్యూబులైటు కింద అయితే 8 గంటలు. పొట్టి చేతుల చొక్కాతో గట్టు మీద తిరిగే మనిషికి ఈ 5 నిమిషాలు ఒక లెక్కా? పూర్తి ఛార్జి మీద చీకట్లో పెట్టినా మామూలు వాడకంలో 10 నెలలు నడుస్తుంది. తుఫాను వచ్చి వారం రోజులు మబ్బు పట్టి కరెంటు లేకపోయినా దానికి చలనం ఉండదు. నువ్వు చెప్పే బ్యాటరీ వాచీ సెల్లు అయిపోయేది సరిగ్గా ఆ వారంలోనే.

మెకానిక్: పొట్టి చేతుల చొక్కా నీకు. ఆఫీసులో ఫుల్ హ్యాండ్స్ కింద దాక్కునే వాచీలో ఛార్జి గుర్తు నెలల తరబడి మీడియం దగ్గరే పడి ఉంటుంది. పైగా చీకట్లో గంట పైన ఉంటే రాత్రి 10 నుంచి పొద్దున్న 6 లోపు తెర ఆరిపోతుంది, వారం రోజులు బీరువాలో ఉంటే బీప్ కూడా బంద్. అది నిద్ర, చావు కాదు, వెలుతురు చూపిస్తే లేస్తుంది. తెలియనివాళ్లు పాడైందనుకుని ఎవరి చేతికో ఇచ్చి విప్పిస్తారు. అక్కడ మొదలవుతుంది నష్టం.

రైతు: విప్పితే ఏమవుతుంది?

మెకానిక్: లోపల ఉండేది సీటీఎల్1616, 2.3 వోల్టుల రీఛార్జి సెల్లు. సైజు చూసి సీఆర్1616 వేసేస్తారు. రెండూ ఒకే కొలత, 16 మిల్లీమీటర్ల వెడల్పు, 1.6 మందం. సరిగ్గా కూర్చుంటుంది, వాచీ నడుస్తుంది, కస్టమరు సంతోషం. కానీ సీఆర్ మూడు వోల్టుల మామూలు లిథియం సెల్లు, ఛార్జి ఎక్కించడానికి చేసింది కాదు. పైన సోలారు పలక రోజూ దానిలోకి కరెంటు తోస్తూనే ఉంటుంది. ఉబ్బుతుంది, కారుతుంది, సర్క్యూట్ తినేస్తుంది. అసలు సెల్లు దొరకక నెలలు తిరిగేవాళ్లు ఉన్నారు. మామూలు బ్యాటరీ వాచీకి పట్టే సీఆర్2016 అయితే పాలకొల్లులో మందుల షాపులో అడిగినా ఇస్తాడు.

రైతు: అసలు సెల్లు పదేళ్లు దాటి నడిచేవి బోలెడు. అన్నేళ్లకోసారి ఆర్డరు పెట్టి తెప్పించుకోలేమా?

మెకానిక్: తెప్పించుకో. మార్చేవాడికి ఈ సంగతులు చెప్పు: వెనక మూతకు నాలుగు స్క్రూలు. మూత ఎత్తగానే బీపుకు పనిచేసే వెంట్రుక లాంటి స్ప్రింగు ఎగిరిపోతుంది, పోతే బీపు పోయినట్టే. సెల్లు వేశాక ఏసీ అని రాసిన చుక్కను, సెల్లు ప్లస్ వైపును ట్వీజరుతో ఒక్కసారి కలపాలి. లేకపోతే తెర మీద పిచ్చి అంకెలు. రబ్బరు వాషరుకు పల్చగా సిలికాన్ గ్రీజు రాసి గాడిలో కూర్చోబెట్టి, స్క్రూలు మూల నుంచి ఎదురు మూలకు కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక పక్కే బిగిస్తే వాషరు నలిగి, 200 మీటర్ల లోతు నీటి ఒత్తిడికి తట్టుకుంటుందనే వాచీ వానకు కూడా ఆగదు. ఇంకోటి, మన గాలిలో చెమ్మ ఎక్కువ. వానలో విప్పి మూసేస్తే ఆ చెమ్మ లోపలే ఉంటుంది. అద్దం మీద చల్లటి నీటి చుక్క వేసి చూడు, కింద మసక పట్టి చాలాసేపు పోకపోతే లోపల తడి ఉన్నట్టే.

రైతు: ఇవన్నీ నీ డీడబ్ల్యూ-5600కీ వర్తిస్తాయిగా! దానికైతే ఐదేళ్లకోసారి మూత తియ్యాలి. దీనికి పదేళ్లకోసారి. మూత ఎన్నిసార్లు తీస్తే నీళ్లు దూరే అవకాశం అన్నిసార్లు. ఉప్పునీటి చెరువులో చెయ్యి పెట్టేవాడికి సోలారు వల్ల అసలు లాభం ఇదీ. సెల్లు ఖరీదు ఎంతని!

మెకానిక్: ఆ పాయింటు నీదే, ఇచ్చేశా. కాకపోతే వాషరు ముసలిదవుతుంది కాబట్టి రెండు మూడేళ్లకోసారి మూత తీసి మార్చమని కంపెనీయే అంటుంది. నీ పదేళ్లు సోలారుకే గాని వాషరుకు కాదు.

రైతు: ఉప్పునీటికి ఏం చెయ్యాలంటావు?

మెకానిక్: సాయంత్రం ఇంటికెళ్లగానే మంచినీళ్ల గిన్నెలో కడుగు. బటన్ల చుట్టూ, పట్టీ బుగ్గల దగ్గర మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దు. నీళ్లలో ఉన్నంతసేపూ బటన్ నొక్కకు. నీడలో ఆరబెట్టు. బ్లీచింగ్ పౌడరు చల్లేరోజు వాచీ పెట్టుకోకు, ఆ క్లోరిన్ పట్టీ పిన్నును, స్క్రూలను తినేస్తుంది. ఇంజను శుభ్రం చేసే కిరసనాయిలు, దోమల మందు స్ప్రే పట్టీ, పైతొడుగు చేసిన ఈ పాలియురెథేన్ రెసిన్ ప్లాస్టిక్‌కు పడవు. ఏమీ తగలకపోయినా చెమ్మకు, చెమటకు ఆ పాలియురెథేన్ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. గట్టి వాచీ అంటే లోపలి గుండె గట్టిది, పైచర్మం కాదు. బెజెలు (డయలు చుట్టూ ఉండే తొడుగు), పట్టీ మార్చుకునే సరుకే, ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకో.

రైతు: రాత్రి పూట సంగతి కూడా చూద్దాం. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూడ్డానికి లేవాలంటే అలారాలు ఐదు ఉన్నాయి. మేత వేశాక రొయ్యలు ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే ఎత్తాల్సిన టైముకు కౌంట్‌డౌన్ ఉంది. తడి చేత్తో ఫోన్ తీసే పని లేదు.

మెకానిక్: ఆ బీపు పది సెకన్లు. పాడిల్ వీల్ ఏరియేటర్లు నాలుగు తిరుగుతుంటే ఆ పక్కన మంచం మీదున్నవాడికి వినపడుతుందా? అలారానికి ఫోనే పెట్టుకో, వాచీని కౌంట్‌డౌన్‌కు వాడు. లైటు మాటిమాటికీ వెలిగించినా రికవ్ అని చూపించి కాసేపు పనులు ఆపేస్తుంది. దాన్ని పాడైందనుకుని మళ్లీ నా దగ్గరికి తేవద్దు.

రైతు: అయితే రేడియో వద్దు, సోలారు కావాలి. ఏది కొనాలి?

మెకానిక్: టైము తనంతట సరిచేసుకోవాలనే పట్టు ఉంటే జీడబ్ల్యూ-బి5600. అందులోనూ సోలారు ఉంది, రేడియో ఉంది, మన ఊళ్లో పనికొచ్చే బ్లూటూత్ కూడా ఉంది. ఫోన్‌కు జత చేస్తే రోజుకు నాలుగుసార్లు అదే సరిచూసుకుంటుంది. ఆ పట్టు లేకపోతే డీడబ్ల్యూ-5600యూఈ. సీఆర్2016 సెల్లు, ఐదేళ్లు, అవే 200 మీటర్లు, అదే నెలకు 15 సెకన్లు. మిగిలిన డబ్బు మేతకు పెట్టుకో.

రైతు: నేను ఎం5610 దగ్గరే ఉంటా. బ్లూటూత్ ఫోన్‌ను నమ్ముకున్న పని. ఆ ఫోన్ మారితే, యాప్ మారితే మళ్లీ జత చెయ్యాలి. వెలుతురుకు అప్‌డేట్లు రావు.

మెకానిక్: నీ ఇష్టం. నల్ల తెర మీద తెల్ల అంకెలది మాత్రం తీసుకోకు, సందెవేళ గట్టు మీద ఒక్క అంకె కనపడదు. అంతర్వేది తీర్థంలో అమ్మేవాటి జోలికీ పోవద్దు. వాటి డయలు మీద సోలారు అనేది అచ్చు వేసిన గీతలే. కొట్లో కొన్నా రిసీవ్ మోడ్ తెరిచి చూడు, ఛార్జి గుర్తు ఉందో లేదో చూడు. వెనక మూత మీద చిన్న గడిలో ఉండే మాడ్యూల్ (లోపలి యంత్రం) నంబరును మాన్యువల్ నంబరుతో కలిపి చూసుకున్నాకే డబ్బులివ్వు.