దగ్గుతో విమానం దిగే మనం

పోయిన క్రిస్మస్‌కు అమెరికా నుంచి ఊరికి వెళ్తూ కాజీపేట స్టేషన్‌లో రైలు దిగేసరికే నాకు గొంతులో గరగర మొదలైంది. విమానంలో ఏసీ పడలేదనుకున్నాను. మనమందరం అనుకునేది అదే కదా. మర్నాటికి దగ్గు, ఒళ్లు నొప్పులు. అయినా 24 రాత్రి చర్చిలో పూజ మానతానా? మూడేళ్ల తర్వాత వచ్చాను. అమ్మ పక్కన చాప మీద కూర్చోవాలి, ఫాదర్‌గారికి కనపడాలి. రెండు పారాసెటమాల్ వేసుకుని, శాలువా కప్పుకుని వెళ్లాను.

పూజ అయ్యాక, యేసు పుట్టుకను చూపే పశువులపాక బొమ్మల దగ్గర లైను కట్టాం. ఫాదర్‌గారు బాలయేసు స్వరూపాన్ని చేతుల్లో పట్టుకుంటే, ఒక్కొక్కరం వంగి పాదాలు ముద్దు పెట్టుకుంటున్నాం. పీఠం దగ్గర సాయం చేసే పిల్లవాడు ప్రతి ముద్దుకూ తెల్లగుడ్డతో తుడుస్తున్నాడు. ఒకటే గుడ్డ. నా వంతు వచ్చేసరికి అది తడిసి ముద్దయింది. నా వెనక ఒక ముసలమ్మ, ఆమె వెనక చంకలో పసిపిల్లతో ఒకామె. ఆ గుడ్డ తుడవడం లేదు, పులుముతోంది. నాకు అది అప్పుడే తట్టింది. తట్టినా వంగి ముద్దు పెట్టుకునే వచ్చాను.

నాలుగో రోజు అమ్మకు జ్వరం. డెబ్బై ఆరేళ్ల మనిషి, పైగా షుగర్. హన్మకొండలో ఐదు రోజులు ఆసుపత్రి మంచం మీద ఉంది. నా వల్లే అని డాక్టర్ అనలేదు. ఆయన అనాల్సిన పనీ లేదు.

ఫ్లూ మాట వస్తే 'అక్కడ శుభ్రత ఉండదండీ' అని ఇక్కడ కూర్చుని తేల్చేసేవాళ్లతో నాకు పేచీ అందుకే. అమెరికాలో ఫ్లూ ముదిరేది డిసెంబర్, ఫిబ్రవరి మధ్యలో. మనం సూట్‌కేసులు సర్దుకునేదీ అప్పుడే. పైగా జ్వరం రాకముందు రోజు నుంచే వైరస్ మన నుంచి పక్కవాళ్లకు అంటుతుంది. అమెరికాలోని మన విచారణల్లో, అంటే ఒక్కో చర్చి పరిధిలో, ఫ్లూ పెరిగితే ఒకే పాత్రలోంచి ద్రాక్షారసం ఇవ్వడం ఆపేస్తారు, కరచాలనాలు వద్దంటారు. ఎవరమూ నొచ్చుకోం. ఊళ్లో అడుగుపెట్టగానే అదంతా మరచిపోతాం.

నిజానికి పూజలో సమాధానం ఇచ్చిపుచ్చుకునే, అంటే పక్కవాళ్లకు శాంతి కలగాలని పలకరించే విషయంలో మన ఊరి పద్ధతే మేలు. భారతదేశంలో పూజకు 1969లో రోము, అంటే వాటికన్, ఆమోదించిన 12 భారతీయ పద్ధతుల్లో చేతులు జోడించడమూ ఉంది. వరంగల్ మేత్రాసనంలో (బిషప్‌గారి పరిధిలో) మన పెద్దలు పక్కవాళ్ల వైపు తిరిగి నమస్కారం పెడతారు, అంతే. చేతులు చాచి మీద పడేది మనమూ మన పిల్లలమే.

ముద్దు సంగతి వేరు. అది ఇటలీ ఫాదర్ల కాలం నుంచీ ఉన్న అలవాటని మా నాన్న అనేవారు. దాన్ని ముట్టుకుంటే మనసులు నొచ్చుకుంటాయని తెలుసు. కానీ 2020లో, కరోనా రోజుల్లో, శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు సిలువను పూజ చేసే గురువు తప్ప ఇంకెవరూ ముద్దు పెట్టుకోవద్దని రోమే చెప్పింది. ఎవరి భక్తీ తరిగిపోలేదు. ఫ్లూ రోజుల్లో తల వంచి నమస్కరించి కదిలితే చాలదా?

అన్నిటికంటే కష్టమైనది ఇల్లు కదలకుండా ఉండటం. "జ్వరమొస్తే పూజకు పోవద్దా బిడ్డా? పోతేనే గదా తగ్గేది" అంటుంది అమ్మ. ఆదివారం పూజ తప్పితే పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్‌గారి ముందు పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పుకునే తరం ఆమెది. జబ్బు చేసినవాళ్లకు, పసిబిడ్డల్ని చూసుకునేవాళ్లకు ఆ నియమం వర్తించదని సభ బోధనలన్నీ ఉన్న కతోలిక సత్యోపదేశ గ్రంథమే చెబుతోంది. ఈ మాట అమెరికా కొడుకు చెబితే వినదు. పెళ్లి ప్రకటనలు చదివే చోటే ఫాదర్‌గారు మైకులో ఒక్క వాక్యం చదివితే వింటుంది: దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే ఉండండి, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) ఇంటికే తెస్తాం. చలికి మూసే కిటికీలు రెండు తెరిచి ఉంచమని కూడా చెబితే మరీ మంచిది.

ఇక మన చందాల సంగతి. మనం ఇచ్చిన డబ్బుతో ఆర్చి లేచింది, గ్రానైట్ పరిచారు, పలకల మీద మన పేర్లు చెక్కారు. (నా పేరూ ఉంది, ఇంటిపేరు తప్పుగా.) ఈసారి అరవై దాటినవాళ్లకు ఫ్లూ టీకాలు వేయించి, గేటు పక్కన సబ్బుతో ఒక కొళాయి పెట్టిద్దామని నా ప్రతిపాదన. ఫ్లూ టీకా ఏటా వేసుకోవాలి, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి పండక్కి ముందే కదలాలి. టికెట్ కొన్న మనమూ నవంబర్‌లోనే వేసుకోవాలి. గొంతు గరగరమంటే ఊళ్లో మొదటి ఆదివారం ఇంట్లోనే ఉండాలి, ఎవరు ఏమనుకున్నా.

విచారణ గురువుకు వాట్సాప్‌లో రాశాను. ఊళ్లో మతబోధ చేసే ఉపదేశి చేత టీకాకు పేర్లు రాయించి పంపారు. అందులో అమ్మది మూడో పేరు. ఆమెకు ఇంకా చెప్పలేదు, సూదంటే భయం.