ఐసీయూ తలుపు బయటి భాగస్వాములు

ప్రాణాపాయ స్థితిలో ఉన్న రోగుల చికిత్సలో మన హైదరాబాద్ ఆసుపత్రులు కుటుంబ సభ్యులకు చోటివ్వడం లేదని కొందరు తెలిసీ తెలియక విమర్శిస్తున్నారు. సోమాజిగూడలోనో, గచ్చిబౌలిలోనో, సికింద్రాబాద్‌లోనో ఏదైనా పెద్దాసుపత్రి ఐసీయూ బయట ఇనప కుర్చీలో ఒక రాత్రి గడిపినవారెవరూ ఇంత అన్యాయమైన మాట అనలేరు. అడ్వాన్సు కట్టేది కుటుంబమే. కింది అంతస్తు ఫార్మసీలో చీటీ చూపించి మందుల సంచి పైకి మోసేది కుటుంబమే. ప్లేట్‌లెట్లు కావాలనగానే వాట్సాప్ గ్రూపులన్నింటిలో బ్లడ్ గ్రూపు పెట్టి, ఎవరో పుణ్యాత్ముణ్ణి బతిమాలి బండెక్కించుకొని తెచ్చేది కుటుంబమే. బీమా డెస్కువారికి ఎప్పటిదో షుగరు రిపోర్టు కావలసివస్తే, అర్ధరాత్రి ఉప్పల్ దాకా వెళ్ళి బీరువా గాలించేదీ కుటుంబమే. ఇంతటి భాగస్వామ్యం మరే దేశంలో ఉంటుంది? రోగిని చూసుకోవడం ఒక్కటే మన చేతిలో లేదు. అదీ మనమే చేస్తే ఆసుపత్రివారికి పనేం మిగులుతుంది?

చూడడానికి సైతం పూర్తిగా వీల్లేదని ఎవరూ అనలేదు. ఉదయం ఒక పావుగంట, సాయంత్రం ఒక పావుగంట, పాస్ ఒకటే, లోపలికి ఒక్కరే. ఈ నియమాన్ని మన చుట్టరికాలు మరింత పటిష్ఠం చేశాయి. రాత్రంతా కుర్చీలో జాగారం చేసిన కూతురు పాస్ పట్టుకొని లేచే వేళకు కరీంనగర్ నుంచి మేనమామ దిగుతాడు. అంత దూరం నుంచి వచ్చిన పెద్దమనిషిని చూపించకుండా పంపితే మాటొస్తుంది కనుక పాస్ ఆయన చేతికి వెళుతుంది. ఆయన చెప్పులు విడిచి, గౌను తొడుక్కొని, మంచం కాళ్ళవైపు చేతులు కట్టుకొని నిలబడి, రోగిని కాక మానిటర్‌ను శ్రద్ధగా పరిశీలించి, బయటికి వచ్చి "గుండె బాగానే కొట్టుకుంటోంది, భయమేం లేదు" అని ప్రకటించి, మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్ళిపోతాడు. కూతురికి సాయంత్రం పావుగంట ఎలాగూ ఉంది, ఆ లోగా విజయవాడ పిన్నిగారు రాకపోతే.

బంధువులు ఎక్కువసేపు లోపల ఉంటే ఇన్‌ఫెక్షన్లు వస్తాయన్నది ఈ కట్టడికి ఆసుపత్రులు చెప్పే కారణం. బ్రెజిల్ దేశస్థులు, పని లేకనో ఏమో, ఈ సంగతిని పరీక్షకు పెట్టారు. 36 ఐసీయూలలో కొంతకాలం కుటుంబ సభ్యులను రోజుకు 12 గంటల దాకా ఉండనిచ్చి, కొంతకాలం నాలుగున్నర గంటలకు మించకుండా ఆపి, ఫలితాలను 2019లో ప్రచురించారు. ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు. సిబ్బంది అలసిపోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కుటుంబ సభ్యుల ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. రోగులకు ఐసీయూలో కలిగే మతిభ్రమ మాత్రం ఆశించినట్టు తగ్గలేదు. మన యాజమాన్యాలు ఈ ఒక్క వాక్యాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవచ్చు. నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి వేరే ఉంది. ఆ పరిశోధనలో రోజుకు నాలుగున్నర గంటల దాకా అనుమతించినదే కట్టడి చేసిన పక్షం. బహుశా వారికి మన కట్టడి ఎలా ఉంటుందో చూసే భాగ్యం కలగలేదు.

అమెరికాలోని క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 2017లో ఇంకా విడ్డూరమైన సిఫార్సులు చేసింది. డాక్టర్లు రౌండ్లకు వచ్చినప్పుడు కుటుంబ సభ్యులను పక్కన నిలబడనివ్వాలట, చిన్న చిన్న సేవలు చేయడం నేర్పాలట, ఏ రోజు ఏం జరిగిందో డైరీ రాసిపెట్టాలట. ఇవన్నీ మనకు పనికిరావు. మనకు కౌన్సెలింగ్ గది ఉంది. అందులో దేవుడి పటం, టిష్యూ పేపర్ల డబ్బా, బిల్లు వివరాలున్న ఫైలు ఉంటాయి. "క్రిటికలే, కానీ స్టేబుల్‌గానే ఉన్నారు. 48 గంటలు గడిస్తే గానీ చెప్పలేం" అని డాక్టరు గారు ఉదయం చెబుతారు, ఆ 48 గంటలు ఏ గంట నుంచి మొదలవుతాయో అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. మూడో నాడు అవే 48 గంటలు మళ్ళీ కొత్తగా మొదలవుతాయి. ఈలోగా డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడు స్పీకర్ ఫోన్‌లోకి వచ్చి, ఇంటర్నెట్‌లో చదివిన నాలుగు ప్రశ్నలు ఇంగ్లీషులో అడుగుతాడు. డాక్టరు గారు ఆయనకు పది నిమిషాలు ఓపికగా జవాబిస్తారు. ఎదురుగా కూర్చున్న రోగి భార్యకు వాటిలో "వెంటిలేటర్" అన్న మాట ఒక్కటే తెలుస్తుంది.

ఆ తరువాత సంతకాల ఘట్టం. మెడలో లైను వేయాలన్నా, గొంతుకు రంధ్రం చేయాలన్నా చిన్న అక్షరాల ఇంగ్లీషు కాగితం మీద కుటుంబం సంతకం చేయాలి. రోగికి అర్థమయ్యేలా విషయం వివరించాకే సమ్మతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తేల్చి చెప్పింది. మనవాళ్ళు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు: "ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ" అని మూడుచోట్ల టిక్కు పెట్టి మరీ వివరిస్తున్నారు. ఏం చేస్తే మంచిదని అడిగితే మాత్రం "మీ ఇష్టమండీ, ఫ్యామిలీ డెసిషన్" అన్న గౌరవనీయమైన సమాధానం వస్తుంది. తిలా పాపం తలా పిడికెడు పంచుకొనే వేళ ఆసుపత్రి చూపే ఈ ఉదారత విజిటింగ్ అవర్స్‌లో ఎక్కడికి పోతుందో నాకు అంతుబట్టదు.

ఒక సంగతి నా కళ్ళతో చూశాను; ఆసుపత్రి పేరు అనవసరం. మా పెదనాన్నను ఐసీయూలోకి తీసుకెళ్ళిన కాసేపటికి సిస్టర్ బయటికి వచ్చి, ఒక పాలిథిన్ కవరు మా పెద్దమ్మ చేతిలో పెట్టింది. అందులో ఆయన కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు, వినికిడి మిషన్ ఉన్నాయి. "ఇవి మీ దగ్గరే ఉంచుకోండమ్మా, పోతే మా బాధ్యత కాదు."

"చెవిలో మిషన్ లేకపోతే ఆయనకు వినబడదమ్మా," అంది పెద్దమ్మ.

"లోపల ఆయన వినాల్సింది ఏమీ లేదమ్మా."

ఆ రెండో రోజు కౌన్సెలింగ్‌లో చిన్న డాక్టరు బాబు కేసు షీటు తిప్పుతూ, పేషెంటు పిలిస్తే పలకడం లేదని, ఎదుటి మనిషిని గుర్తుపట్టడం లేదని, గొట్టాలు లాక్కుంటుంటే చేతులు కట్టవలసి వచ్చిందని, తలకు స్కాన్ తీయిస్తే మంచిదని చెప్పాడు. కళ్ళద్దాలు, వినికిడి మిషన్ పెట్టి ఉంచితే రోగికి అయోమయం తగ్గవచ్చని ఐసీయూ మార్గదర్శకాలు చెబుతూనే ఉన్నాయి. కానీ మార్గదర్శకాలు లోపల ఉన్నాయి, మిషన్ బయట పెద్దమ్మ సంచిలో ఉంది, మధ్యలో సెక్యూరిటీ గార్డు ఉన్నాడు. స్కాన్ తీశారు. తలలో ఏమీ లేదని తేలింది. దాని బిల్లు కట్టడంలోనూ మేమే భాగస్వాములం.

తప్పంతా ఆసుపత్రులదే అంటే కళ్ళు పోతాయి. రోగి గానీ, దగ్గరి బంధువులు గానీ వద్దంటే ఐసీయూలో చేర్చుకోకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నయం కాని దశలో తనకు ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకొనే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించి, ఆ పద్ధతి మరీ చిక్కుగా ఉందని 2023 జనవరిలో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలునని సులభం చేసింది. అయితే మన ఇళ్ళలో అలాంటి కాగితం ఊసెత్తితే "అశుభం పలకకురా" అని నోరు మూయిస్తారు. నాన్నకు ఏం కావాలో నాన్ననెప్పుడూ అడగని కొడుకులు నలుగురూ, ఐసీయూ బయట నిలబడి నాన్నకు ఏం కావాలో నాలుగు రకాలుగా చెబుతారు. చివరికి అందరూ కలిసి వచ్చే ఒకే అభిప్రాయం, మధ్యలో ఆపేస్తే నలుగురూ ఏమనుకుంటారోనన్నది. ఆ నలుగురూ వాళ్ళే.

ఇక డిశ్చార్జి. కుటుంబ భాగస్వామ్యంలో మన ఆసుపత్రులు ప్రపంచానికే పాఠాలు చెప్పగల ఘట్టం ఇదే. ఇన్నాళ్ళూ చేయి పట్టుకొంటే క్రిములు అంటుతాయన్న మనుషులకే, బీమా పరిమితి అయిపోయిన మర్నాటి మధ్యాహ్నం, రోగితోబాటు సగం ఐసీయూని అప్పగిస్తారు. ముక్కులోని గొట్టం ద్వారా ఆహారం ఎలా పోయాలో, పోసేటప్పుడు తల ఎంత ఎత్తులో ఉంచాలో, గొంతులోని కఫం సక్షన్ మిషన్‌తో ఎలా లాగాలో, పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి ఎలా పక్కకు తిప్పాలో, లిఫ్టు వచ్చేలోగా స్ట్రెచర్ పక్కన నిలబడి సిస్టర్ చూపిస్తుంది. "ఇలా, మళ్ళీ ఇలా. అంతే, ఏం లేదమ్మా, మీరే చేసుకోవచ్చు." ఏదైనా సందేహం వస్తే డిశ్చార్జి సమ్మరీ మీదున్న నంబరుకు ఫోన్ చేయమంటారు. ఆ నంబరు రిసెప్షన్‌ది; అక్కడివారు అడిగే మొదటి ప్రశ్న, పేషెంటును కొత్తగా అడ్మిట్ చేయాలా అని.