గెలిచినవాళ్లను గెంటేసే హక్కు ఎక్కడిది?

మెజారిటీ ఉంది కదా అని ప్రతిపక్ష సభ్యుడి సీటే ఊడగొట్టే తెగింపు మన చట్టసభల్లోకి వచ్చి చాలాకాలమైంది. సస్పెన్షన్ల సంగతి సరే, వాటిని లెక్కపెట్టడం అందరూ మానేశారు. ఏకంగా సభ్యత్వం రద్దు చేయడం వేరు. అది సభ్యుడికి వేసే శిక్ష కాదు, ఓటరు తీర్పును చించి పారేయడం. ఒకసారి ఈ దారి తెరిస్తే ఎక్కడికి పోతుందో 1920లో న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ చూపించింది.

ఆ సభ గెంటేసినవాళ్లలో ఒకరైన లూయీ వాల్డ్‌మన్ 1909లో ఉక్రెయిన్ నుంచి పొట్ట చేత పట్టుకుని న్యూయార్క్ చేరిన కుర్రాడు. బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ చదువుకున్నారు. 1911 మార్చిలో ట్రయాంగిల్ ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయిన రోజు ఆయన దగ్గర్లోని లైబ్రరీలో ఉన్నారు. బయటికి పరుగెత్తి, కిందికి దిగే దారిలేక పై అంతస్తుల కిటికీల్లోంచి దూకేస్తున్న ఆడపిల్లలను కళ్లారా చూశారు. అలాంటి మనిషి సోషలిస్టు అయ్యారంటే అందులో కుట్ర వెతకాల్సిన పనిలేదు. 1917లో శాసనసభకు గెలిచారు, మరుసటి ఏడాది ఓడిపోయారు, 1919లో మళ్లీ గెలిచారు.

1920 జనవరి 7న సభ మొదలైంది. వాల్డ్‌మన్, క్లాసెన్స్, సాలమన్, ఆర్, డెవిట్ అనే ఐదుగురు సోషలిస్టులూ ప్రమాణం చేశారు, స్పీకర్ ఎన్నికలో ఓటు కూడా వేశారు. ఆ ఎన్నికలో గెలిచిన స్పీకర్ థాడియస్ స్వీట్ కాసేపటికే వాళ్లను తన ముందు వరసగా నిలబెట్టించారు. మీ పార్టీ సిద్ధాంతం రాష్ట్రానికీ దేశానికీ ప్రమాదకరం, మీరు ఇక్కడ కూర్చోవడానికి వీల్లేదన్నారు. వాళ్లను సస్పెండ్ చేయడానికి 140 మంది సరే అన్నారు, ఆరుగురు కాదన్నారు. ఏ సభ్యుడూ ఎవరినీ కొట్టలేదు, ఏమీ విసరలేదు. ఏప్రిల్ 1న, రాత్రంతా సాగిన చర్చ తర్వాత, ఐదుగురినీ బహిష్కరించారు. సెప్టెంబరు 16న ఉప ఎన్నికలు పెడితే జనం ఆ ఐదుగురినే గెలిపించి పంపారు. ఐదు రోజులకే వాల్డ్‌మన్‌తో సహా ముగ్గురిని సభ మళ్లీ గెంటేసింది. మిగిలిన ఇద్దరూ మీ దయ మాకొద్దని రాజీనామా చేసి బయటికొచ్చారు.

అప్పట్లో బాంబు పేలుళ్లు జరిగాయి, జనం భయపడ్డారు, సభ తన క్రమశిక్షణ తాను చూసుకోకూడదా అనేవాళ్లు ఉన్నారు. చూసుకోవచ్చు. నేరం చేసినవాణ్ని విచారించడానికి కోర్టులున్నాయి. ఓటర్లు తెలిసే ఎన్నుకున్న సిద్ధాంతాన్ని నేరం అనడానికి సభకు హక్కు లేదు. ఈ మాట అన్నది సోషలిస్టులు మాత్రమే కాదు. స్పీకర్ సొంత రిపబ్లికన్ పార్టీవాడు, 1916లో అధ్యక్ష పదవికి పోటీచేసిన చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ బహిరంగంగా తప్పుపట్టారు. డెమోక్రాట్ గవర్నర్ ఆల్ స్మిత్ కూడా కాదన్నారు. సభ వినలేదు. విప్లవకారుడని గెంటేసిన వాల్డ్‌మన్ తర్వాత లాయరై దశాబ్దాలపాటు కార్మిక సంఘాల తరఫున వాదించారు, జీవితమంతా కమ్యూనిస్టులను వ్యతిరేకించారు, 1936లో సోషలిస్టు పార్టీనే వదిలేశారు. ఆయన గురించి 140 మంది వేసిన అంచనా అంత తప్పు.

అయినా ఆ దారి మూతపడలేదు. 1966లో, గెలిచి వచ్చినా వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన జూలియన్ బాండ్‌ను అమెరికాలోని జార్జియా రాష్ట్ర సభ లోపలికి రానివ్వలేదు, సుప్రీంకోర్టు చెప్పాక గానీ రానివ్వలేదు. 2023 ఏప్రిల్‌లో టెన్నెసీ రాష్ట్ర సభ తుపాకుల నియంత్రణ కోసం సభలో నినాదాలిచ్చిన ఇద్దరు సభ్యులను తీసేసింది. వారం తిరక్కుండా స్థానిక సంస్థలు వాళ్లను తిరిగి పంపాయి.

మనం వాళ్లకంటే మెరుగా? 2018 మార్చిలో తెలంగాణ శాసనసభ ఇద్దరు కాంగ్రెస్ సభ్యుల సభ్యత్వాన్ని ఒక్క రోజులో రద్దు చేసింది. ముందురోజు గవర్నర్ ప్రసంగంలో హెడ్‌ఫోన్ విసరడం, మండలి చైర్మన్ కంటికి దెబ్బ తగలడం ముమ్మాటికీ తప్పే. కానీ నోటీసు ఏది? సంజాయిషీ ఏది? హైకోర్టు ఏప్రిల్‌లో ఆ రద్దును కొట్టేసింది. తీర్పు అమలు కోసం మళ్లీ ధిక్కరణ పిటిషన్ వేసుకోవాల్సి వచ్చింది, సెప్టెంబరులో సభే రద్దయింది. రెండు నియోజకవర్గాల జనం గొంతును ఎవరు తిరిగిచ్చారు?

ఆనాడు ప్రజాస్వామ్యం ఖూనీ అని రోడ్డెక్కినవాళ్లు, ఈనాడు కుర్చీ మారగానే అదే ఆయుధాన్ని సాన పెడుతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అన్ని పార్టీలకూ ఈ మాట వర్తిస్తుంది. బహిష్కరణకు ముందు లిఖితపూర్వక నోటీసు, జవాబు చెప్పుకునే గడువు, వీడియో సాక్ష్యం సభ ముందుంచడం తప్పనిసరి చేస్తూ నిబంధనలు సవరించండి. అధికారంలో ఉన్నప్పుడు ఆ పని చేయని పార్టీకి, రేపు తన సభ్యులను గెంటేసిన రోజు గవర్నర్ దగ్గరికి పరుగెత్తే మొహం ఉండదు.